స్టాటిస్టిక్స్ గండం ఐదు వారాల్లో గట్టెక్కుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి టెక్సస్‌లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో సైకాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. డిగ్రీకి స్టాటిస్టిక్స్ తప్పనిసరి అంటున్నారు. దానికేమో లెక్కలంటే చిన్నప్పటి నుంచీ టెన్షన్. సమ్మర్‌లో కమ్యూనిటీ కాలేజీలో ఐదు వారాల ఆన్‌లైన్ క్లాసు తీసుకుంటే తేలిగ్గా అయిపోతుందని ఫ్రెండ్స్ చెబుతున్నారట. సరే అనమంటారా?
– ఒక తల్లి, ఫ్రిస్కో

జవాబు: కమ్యూనిటీ కాలేజీ సరేనమ్మా, ఐదు వారాలు మాత్రం వద్దు.

మూడు క్రెడిట్ల కోర్సంటే దాదాపు 48 గంటల క్లాసు. 16 వారాల సెమిస్టర్‌లో వారానికి మూడు గంటలు పడుతుంది. ఐదు వారాల్లో అయితే దాదాపు పది, హోంవర్కు కాకుండా. లెక్కలంటే భయపడే పిల్లకు సోమవారం అర్థం కానిది గురువారం పరీక్షలో ఎదురవుతుంది.

నిజానికి ఇందులో లెక్క తక్కువే. క్లాసు సగటు 60, స్టాండర్డ్ డీవియేషన్ (మార్కులు సగటుకు మామూలుగా ఎంత అటూ ఇటూగా ఉంటాయో చెప్పే అంకె) 8, మీ అమ్మాయికి 72 మార్కులు వచ్చాయనుకోండి. తేడా 12ను 8తో భాగిస్తే 1.5. సగటుకు ఎంత దూరంలో ఉందో చెప్పే జడ్ స్కోర్ అంటే ఇంతే. కాలిక్యులస్ జోలికే వెళ్లరు. పిల్లలు తడబడేది సగం కోర్సు దాటాక, హైపోథిసిస్ టెస్టింగ్ (డేటాలో కనిపించిన తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా అని తేల్చడం) దగ్గర. ప్రశ్న చదివి ఏ టెస్టు వాడాలో పోల్చుకోవాలి. అది బుర్రకెక్కడానికి కొన్ని రోజులు నానాలి. సమ్మరే కావాలంటే పది వారాల సెక్షన్ ఉందేమో వెతకమనండి.

అంతకంటే ముందు కోర్సు నంబరు చూసుకోవాలి. టెక్సస్ కమ్యూనిటీ కాలేజీలన్నిటికీ నంబర్లు ఉమ్మడే. మ్యాథ్ 1342 మామూలు స్టాటిస్టిక్స్, సైక్ 2317 సైకాలజీ వాళ్ల కోసం. (రెండో అంకె 3 అంటే మూడు క్రెడిట్లని అర్థం.) యూనివర్సిటీలో మీ అమ్మాయి డిపార్ట్‌మెంటు వీటిలో ఒకటి ఒప్పుకుని రెండోది కాదనొచ్చు, రెండూ కాదని తమ దగ్గరే చదవమనొచ్చు. ఫీజు కట్టకముందే అడ్వైజర్‌కి ఈమెయిల్ పెట్టించి, జవాబు దాచుకోమనండి. క్రెడిట్ బదిలీ అయ్యి కూడా డిగ్రీ ప్లాన్‌లో స్టాటిస్టిక్స్ గడి ఖాళీగానే ఉండిపోయిన పిల్లల్ని చూశాను.

ఏ ప్రొఫెసర్ ఈజీ అని సీనియర్లను అడగడం మానేసి సిలబస్ తెరవమనండి. ప్రభుత్వ కాలేజీలు వాటిని వెబ్‌సైట్‌లో పెట్టాలని అక్కడ చట్టమే ఉంది. హోంవర్కు, క్విజ్‌లకు మూడో వంతు మార్కులుండి, పరీక్షకు ఫార్ములా షీటు తీసుకెళ్లనిస్తే మీ అమ్మాయికి సరిపోయే క్లాసు అదే. రెండు పరీక్షల మీదే 80 శాతం ఉంటే వేరేది చూసుకోవాలి.

కష్టమైతే మధ్యలో వదిలేయొచ్చులే అన్న ధీమా పనికిరాదు. 2007 ఫాల్ నుంచి చేరినవాళ్లు టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో డిగ్రీ మొత్తం మీద ఆరు కోర్సులే డ్రాప్ చేయగలరు, కొన్ని మినహాయింపులు తప్ప.

చేరాక ట్యూటరింగ్ సెంటర్‌కి రెండో వారంలోనే ఒకసారి వెళ్లిరమ్మనండి. మిడ్‌టర్మ్ ముందు రోజుల్లో అక్కడ కుర్చీ దొరకదు.