డెకాల్ చుట్టూ వెండిలా మెరుపు ఎందుకు వస్తుంది?

మిగ్-21 యుద్ధవిమానం బొమ్మ మోడల్‌కి మ్యాట్ (మెరుపు లేని) బూడిద రంగు వేసి డెకాల్, అంటే నీళ్లలో నానబెట్టి అంటించే పల్చటి గుర్తుల స్టిక్కర్, అంటిస్తే, చుట్టూ వెండి పొరలా కనిపిస్తోందని ఒకరు అడిగారు. తప్పు డెకాల్‌ది కాదు, దాని కింద ఇరుక్కున్న గాలిది.

మ్యాట్ పెయింట్ చేత్తో తడిమితే నున్నగానే అనిపిస్తుంది గానీ, బాగా దగ్గరగా చూస్తే అన్నీ ఎత్తుపల్లాలే. డెకాల్ ఫిల్మ్ ఆ ఎత్తుల మీదే ఆనుతుంది, పల్లాల్లో గాలి మిగిలిపోతుంది. వెలుతురు పడగానే ఆ గాలే తెల్లగా మెరుస్తుంది.

అందుకే డెకాల్ కంటే ముందు, ఆ పల్లాలు పూడి నునుపయ్యేలా గ్లాసీ (నిగనిగలాడే) వార్నిష్ కొట్టాలి. పల్చగా రెండు కోట్లు వేసి రాత్రంతా ఆరనివ్వండి. తర్వాత డెకాల్‌ని నీళ్లలో నానబెట్టి, మోడల్ మీదకి జార్చి, తడి దూదిపుల్లతో మధ్య నుంచి అంచులకు నొక్కండి. విమానం రేకుల అతుకుల్లా ఉండే ప్యానెల్ గీతల్లోకి డెకాల్ దిగడానికి మైక్రో సోల్ లాంటి మెత్తబరిచే ద్రవం రాయండి. ఫిల్మ్ ముడతలు పడుతుంది. టెన్షన్ పడి ముట్టుకోవద్దు, ఆరేకొద్దీ అదే సర్దుకుంటుంది. మొదటిసారి నేను ముట్టుకున్నాను. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాల వాయుసేన గుర్తు కాస్తా వేలికి అంటుకొచ్చింది. మా ఆదివారం బ్యాచ్‌వాళ్లు ఇప్పటికీ ఆ వేలు చూపించమంటారు.

చివర్లో మ్యాట్ వార్నిష్. 1/72 స్కేల్‌లో (అసలు దానిలో 72వ వంతు) ఈ విమానం సుమారు 20 సెంటీమీటర్లు, అంటే జానెడు. నిగనిగలాడితే ఆటబొమ్మలా ఉంటుంది.

ఇప్పటికే మెరుస్తున్న చోట సన్న సూదితో గుచ్చి, అదే ద్రవం ఒక చుక్క వదలండి. చాలావరకు తగ్గుతుంది, పూర్తిగా పోతుందని మాత్రం మాట ఇవ్వలేను.