దండుగ ‘వేయడం’ సరైన ప్రయోగమేనా?

సందేహం: మాది నరసన్నపేట దగ్గర పల్లె. ఒకరి పశువులు మరొకరి చేలో పడి మేస్తే, ఊరి పెద్దలు ‘దండగేసినారు’ అని మా నాయనమ్మ చెప్పేది. ఇప్పుడు దండగ అంటే వృథా అనే అర్థమే వినిపిస్తోంది. ‘దండించారు’ లేదా ‘శిక్షించారు’ అనడం సరైనదా?

సమాధానం: మీ నాయనమ్మగారి మాటే పాతది; వృథా అనే అర్థం దానికి పుట్టిన బిడ్డ. సంస్కృతంలో దండమంటే కర్ర. రాజు చేతి కర్ర అతని అధికారానికి గుర్తు కావడంతో, ఆ అధికారంతో వేసే శిక్షకూ అదే పేరు వచ్చింది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం దండాన్ని నాలుగు మెట్లుగా చెబుతుంది: మొదట వాగ్దండం, అంటే మందలింపు, పిమ్మట ధిగ్దండం, అంటే ఛీకొట్టడం, మూడవది ధనదండం, అంటే జరిమానా, ఆపైన వధదండం. ఆ మూడో మెట్టే మన పల్లెల్లో దండుగగా నిలిచింది. పండుగ పండగైనట్టే పలుకుబడిలో ఇదీ దండగైంది. కట్టినవాడికి తిరిగి ఏమీ దక్కని డబ్బు కనుక, ఫలితం లేని ప్రతి ఖర్చునూ జనం దండగ అన్నారు. చివరకు డబ్బు ప్రసక్తే లేకుండా ‘వాడికి చెప్పడం దండగ’ అనేదాకా వచ్చింది. తమిళంలోనూ తండం అంటే జరిమానాయే. పనీపాటా లేకుండా తినేవాణ్ణి వారు ‘తండచ్చోఱు’ అంటారు. మన ‘తిండి దండగ’ దానికి తోబుట్టువే.

దండించడంలో నేడు కొట్టడం, తిట్టడం అనే ఛాయలే ఎక్కువ. శిక్షకు మూలార్థం నేర్పడం. శిక్షణలో అది ఇంకా బతికే ఉంది. కాబట్టి జరిమానా అనే అర్థం ఈ రెండు మాటల్లోనూ సూటిగా రాదు.

నా బాధల్లా ‘అపరాధ రుసుము’తోనే. పరీక్ష ఫీజు గడువు దాటిందంటే పత్రికలన్నీ ఈ మాటే అచ్చువేస్తాయి. రుసుమంటే ఒక పని చేసిపెట్టినందుకు ఇచ్చుకునేది; ఆలస్యానికి కట్టేది రుసుమెలా అవుతుంది? తప్పు పేరే జరిమానాకూ పెట్టి ‘తప్పు కట్టాడు’ అనే పల్లెవాసికి ఈ రుసుము తోక అవసరం పడలేదు.

కాబట్టి ‘దండుగ వేశారు’ అని నిస్సంకోచంగా రాయండి. అయితే కోర్టు తీర్పు గురించి రాసేటప్పుడు పాఠకుడు వృథా ఖర్చని పొరబడే అవకాశం ఉంది కనుక, అక్కడ జరిమానా అనడమే మేలేమో. అదీ ‘విధించారు’ అనే రాయాలన్న నియమమేమీ లేదు, ‘వేశారు’ చాలు.