మూడు పొరల వస్త్రం

అమ్మాయీ,

నీ నవల డ్రాఫ్ట్ మొత్తం చదివాను. పదమూడో శతాబ్దంలో జపాన్ రాజధాని క్యోటో ఆస్థానంలో పెరిగిన నిజో అనే ఆమె కథని తెలుగులో రాయాలన్న నీ పట్టుదల నాకు చాలా నచ్చింది. కానీ పేజీ తిప్పితే చాలు పట్టు వస్త్రాలు, చెర్రీ పూలు. రంగులన్నీ వర్ణించావు, ఆ రంగులు ఎవరి కంట్లో పడ్డాయో, ఎవరికి కంటగింపయ్యాయో రాయలేదు.

ఆమె 1258లో పుట్టింది. పసితనంలోనే తల్లి పోయింది. 1271లో, వాళ్ల లెక్కన పద్నాలుగో ఏట, సింహాసనం దిగిన చక్రవర్తి గోఫుకకుసా ఆమెని తన ఉంపుడుగత్తెని చేసుకున్నాడు, తండ్రికి తెలిసే. మరుసటి ఏడు తండ్రీ పోయాడు. ఇక ఆ మనిషి దయ మీదే బతుకు. పట్టపురాణికి ఈమె పొడ గిట్టేది కాదు. మూడు పొరల వస్త్రం వేసుకుని బండెక్కితే జనం ఈమెనే రాణి అనుకుంటున్నారని ఫిర్యాదు చేసింది. ఈ తగువు నీ నవలలో ఎక్కడా లేదు! చివరికి 1283లో ఆమెని ఆస్థానం నుంచి పంపేశారు.

ఇంకోటి, ఆమెని అస్తమానం ఏడిపించకు. కొత్త సంవత్సరం వేడుకలో జావ కలిపే కర్రతో ఆడవాళ్లని కొట్టే ఆచారం ఉండేది, కొడుకు పుడతాడని నమ్మకం. ఆ వంకన తమని కొట్టించాడని, నిజో ఇంకొకామెతో కలిసి మాటు వేసి గోఫుకకుసానే బాదింది. పరిహారంగా ఆమె బంధువులు కానుకలు సమర్పించుకోవాల్సి వచ్చింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. సన్యాసం తీసుకున్నాక 1289లో ఆమె యోధుల ప్రభుత్వం నడిచే కమకురా నగరానికి వెళ్లింది. అక్కడ చక్రం తిప్పుతున్న యొరిత్సునా భార్యకి రాజధాని నుంచి ఐదు పొరల వస్త్రం వచ్చింది. అక్కడివాళ్లు రంగుల వరుస తప్పి కుట్టేశారు. ఈ సన్యాసినికి చూపిస్తే ఇట్టే పట్టేసింది. ఒకప్పుడు ఫిర్యాదు తెచ్చిపెట్టిన బట్టలే, ఇప్పుడు యోధుల ఇంట్లో ఆమె మాటకి విలువ తెచ్చాయి. దీనికి ఒక పూర్తి అధ్యాయం ఇవ్వు. ఆమె ఆ పొరలు ఒక్కొక్కటే విప్పి చూడటం పాఠకుడికి కనిపించాలి.

ఆమె రాసుకున్న ఆత్మకథ 'తోవజుగతారి' 1940లో జపాన్ రాజకుటుంబ గ్రంథాలయంలో బయటపడింది. కొన్నిచోట్ల కాగితం కత్తితో కోసేసి ఉందని నకలు రాసినవాళ్లు అందులోనే గుర్తు పెట్టారు. ఆ ఖాళీల్ని నువ్వు ప్రేమ సన్నివేశాలతో నింపావు. వాటిని తీసేసి, కమకురా అధ్యాయం రాసి పంపు. చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు