డాక్టర్ కావాలి, ఫుట్‌బాలూ ఆడాలి అంటున్నాడు: ఫ్రిస్కో అమ్మగారికి జవాబు

టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక తల్లి రాశారు. అబ్బాయి లెవెంత్ గ్రేడ్, హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో లైన్‌బ్యాకర్, అంటే ఎదురు జట్టువాళ్ళని ఢీకొట్టి ఆపేవాడు. మార్కులు బాగానే వస్తున్నాయి, డాక్టర్ కావాలని ఉంది, కానీ కాలేజీలో కూడా ఫుట్‌బాల్ ఆడాల్సిందే అంటున్నాడు. ఒక డివిజన్ త్రీ కాలేజీ కోచ్, ఒక చిన్న డివిజన్ వన్ కాలేజీ కోచ్ వాడికి మెసేజ్‌లు పెడుతున్నారట (కాలేజీ ఆటల్లో డివిజన్ వన్ అంటే పై స్థాయి, త్రీ అంటే కింది స్థాయి). "మావారు రెండు పడవల మీద కాళ్ళు వద్దంటారు, వీడు వినడు, ఇంట్లో రోజూ గొడవే. అసలు కాలేజీలో ఈ ఆట ఆడి తర్వాత పెద్ద స్థాయికి వెళ్ళినవాళ్ళు ఉన్నారా, లేక ఇదంతా కోచ్‌లు చెప్పే కబుర్లేనా?" అని అడిగారు.

ఉన్నారండీ, చాలామందే ఉన్నారు. అయితే ముందు మీవారి తరఫున ఒక మాట చెప్పనివ్వండి. కాలేజీ ఆటలు నడిపే సంస్థ ఎన్‌సీఏఏ లెక్కల ప్రకారం హైస్కూల్‌లో ఆడేవాళ్ళలో కాలేజీ జట్టు దాకా వెళ్ళేది సుమారు వందకు ఏడుగురు. అలా వెళ్ళి డ్రాఫ్ట్ (ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్ళని రౌండ్ల వారీగా ఎంచుకునేది) వయసు దాకా ఆడినవాళ్ళలో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ చేరేది వందకు ఇద్దరు కూడా ఉండరు. అంటే ఈ ఆట నూటికి తొంభై ఎనిమిది మందికి కాలేజీతోనే అయిపోతుంది. మీ వాడు "నేను ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్తా" అని కాకుండా "డాక్టర్ అవుతా, ఆట కూడా ఆడతా" అంటున్నాడంటే ఆ లెక్క వాడికి ముందే తెలిసినట్టుంది. దానికి సంతోషించండి.

మీ వాడి కోరికకు దగ్గరగా ఉన్న మనిషి మైరన్ రోల్. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో సేఫ్టీ అనే డిఫెన్స్ స్థానంలో ఆడాడు, అదీ మామూలు జట్టు కాదు, దేశమంతా టీవీలో చూసే జట్టు. డిగ్రీ రెండున్నరేళ్ళలో పూర్తి చేశాడు. 2008 నవంబర్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో చదివించే రోడ్స్ స్కాలర్‌షిప్ ఆఖరి ఇంటర్వ్యూ అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో పడింది, అదే రోజు మేరీలాండ్‌లో మ్యాచ్. ఇంటర్వ్యూకే వెళ్ళాడు, స్కాలర్‌షిప్ వచ్చిందని తెలిశాక ప్రత్యేక విమానంలో మేరీలాండ్ చేరి, అప్పటికే మొదలైన మ్యాచ్‌లో దిగాడు. ఆ తర్వాత ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌ని వాయిదా వేసుకుని ఆక్స్‌ఫర్డ్ వెళ్ళాడు. దానికి మూల్యం కూడా చెల్లించాడు. "ఈ కుర్రాడికి ఆట మీద మనసుందా" అని జట్లు అనుమానపడ్డాయి, 2010లో టెన్నెసీ టైటన్స్ ఆరో రౌండ్‌లో గానీ తీసుకోలేదు, సీజన్ మ్యాచ్ ఒక్కటీ ఆడకుండానే ఎన్‌ఎఫ్‌ఎల్ ముగిసింది. అక్కడి నుంచి ఫ్లోరిడా స్టేట్ మెడికల్ కాలేజీ, 2017లో ఎండీ, ఆపై బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్లో న్యూరోసర్జరీ రెసిడెన్సీ. ఈ కథ మీవారికి చెప్పేటప్పుడు ఆరో రౌండ్ సంగతి దాచకండి. రెండూ దొరికాయి కానీ రెండూ పూర్తిగా దొరకలేదు.

ఇంకొకరు ఆలన్ పేజ్. నోటర్ డామ్‌లో చదివి 1967లో మిన్నెసోటా వైకింగ్స్‌లో చేరాడు. 1971లో లీగ్ మొత్తానికి ఎంవీపీ, అంటే ఆ ఏడాది అత్యుత్తమ ఆటగాడు, డిఫెన్స్ ఆటగాడికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది లా డిగ్రీ సంగతి. ఒకసారి లా స్కూల్లో చేరి కొన్ని వారాలకే వదిలేశాడు. తర్వాత యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటాలో మళ్ళీ చేరి, ప్రొఫెషనల్‌గా ఆడుతూనే 1978లో పూర్తి చేశాడు. 1993 నుంచి 2015 దాకా మిన్నెసోటా సుప్రీంకోర్టు జడ్జి, అదీ అక్కడి డెబ్భై ఏళ్ళ రిటైర్మెంట్ రూల్ వల్ల దిగాడు గానీ లేకపోతే ఇంకా కూర్చునేవాడేమో.

పాతవాళ్ళలో జెరాల్డ్ ఫోర్డ్ ఉన్నాడు. మిషిగన్ యూనివర్సిటీ జట్టులో సెంటర్ స్థానంలో ఆడాడు. ప్యాకర్స్, లయన్స్ అనే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు రెండూ పిలిచినా వద్దని, యేల్‌లో అసిస్టెంట్ కోచ్ ఉద్యోగం తీసుకున్నాడు, ఎందుకంటే అక్కడి లా స్కూల్లో చదవాలని. ఫుల్‌టైమ్ ఉద్యోగం చేస్తూ చదవలేవని వాళ్ళు వెంటనే సీటివ్వలేదు. ఆ సీటు సంపాదించి చూపించాడు, తర్వాత అమెరికా అధ్యక్షుడే అయ్యాడు.

ఇప్పుడు మీరు ఉత్తరంలో అడగనిది, కానీ నేను చెప్పకుండా వదలలేనిది: తల. జాన్ అర్షెల్ అని పెన్ స్టేట్ యూనివర్సిటీ జట్టులో గార్డ్ స్థానంలో ఆడుతూ లెక్కల్లో బ్యాచిలర్స్, మాస్టర్స్ రెండూ చేసిన మనిషి ఉన్నాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు బాల్టిమోర్ రేవెన్స్‌కి ఆడుతూనే ఎంఐటీలో పీహెచ్‌డీలో చేరాడు. 2015 ట్రైనింగ్ క్యాంప్‌లో కంకషన్ (తలకి దెబ్బ తగిలి మెదడు అదరడం) అయింది. మూడు వారాల్లో ఆటకి సిద్ధమయ్యాడు గానీ, లెక్కల్లో ఆ పదును తిరిగి రావడానికి అంతకన్నా ఎక్కువ కాలం పట్టిందని ఆయనే చెప్పాడు. 2017 జులైలో బోస్టన్ యూనివర్సిటీ వాళ్ళ అధ్యయనం వచ్చింది. చనిపోయిన 111 మంది ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ళ మెదళ్ళు పరీక్షిస్తే 110 మందిలో సీటీఈ అనే మెదడు జబ్బు కనిపించింది. అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా మెదడు దానం చేస్తాయి కాబట్టి ఆటగాళ్ళందరికీ ఇదే శాతం అని లెక్కేయకూడదు, కానీ అదే అధ్యయనంలో కాలేజీ స్థాయి దాకానే ఆడినవాళ్ళు 53 మంది ఉంటే వాళ్ళలో 48 మందిలోనూ అది ఉంది. ఆ వార్త వచ్చిన రెండు రోజులకే అర్షెల్ ఇరవై ఆరేళ్ళ వయసులో ఆట మానేశాడు. ఇప్పుడు ఎంఐటీలోనే ప్రొఫెసర్. మీ వాడు లైన్‌బ్యాకర్ కాబట్టి ప్రతి ఆటలోనూ ఢీకొట్టే పనే. ఇప్పటిదాకా కంకషన్లు ఎన్ని అయ్యాయో డాక్టర్ దగ్గర నిజం చెప్పించండి, పిల్లలు ఆట పోతుందని దాచేస్తారు. ఒకటి కంటే ఎక్కువ ఉంటే ఈ జవాబులో మిగతాదంతా పక్కన పెట్టి ముందు న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళండి.

తల బాగుందనుకుందాం. అప్పుడు చూడాల్సింది ఏ జట్టు పెద్దదన్నది కాదు, ఏ జట్టులో ఉంటే వాడు కోరుకున్న చదువు చదవనిస్తారన్నది. పైన చెప్పినవాళ్ళంతా ఆట అయిపోయాక కెరీర్ వెతుక్కున్నవాళ్ళు కాదు. ఆడుతుండగానే, లేదా ఫోర్డ్‌లా కోచింగ్ చేస్తుండగానే, సీరియస్ చదువు కూడా పక్కనే సాగించినవాళ్ళు. చాలామంది ప్లేయర్లు అది చేయలేకపోవడానికి కారణం తెలివి తక్కువై కాదు, టైమ్‌టేబుల్. కెమిస్ట్రీ, బయాలజీ ల్యాబ్‌లు మధ్యాహ్నం ఉంటాయి, ప్రాక్టీసూ మధ్యాహ్నమే. రెండూ ఢీకొన్నప్పుడు "బాబూ, ఇంకో మేజర్ తీసుకో, ఈజీగా ఉంటుంది" అనే అడ్వైజర్లు ఉన్నారు. సీజన్‌లో వారానికి 20 గంటలే అని డివిజన్ వన్ రూల్ ఉంది, కానీ ప్రయాణాలు, ఫిజియో లాంటివి ఆ లెక్కలోకి రావు. పైగా వేసవిలో కూడా క్యాంపస్‌లోనే వర్కవుట్లు. మెడికల్ స్కూల్‌కేమో ఎంక్యాట్ అనే ఎంట్రన్స్ పరీక్షకి ప్రిపరేషన్, హాస్పిటల్లో షాడోయింగ్ (డాక్టర్ల వెంట ఉండి పని చూడటం), వాలంటీరింగ్, రీసెర్చ్ కావాలి, అవన్నీ పిల్లలు మామూలుగా వేసవిలోనే చేస్తారు.

అందుకే నా ఓటు డివిజన్ త్రీకి. అక్కడ ఆట పేరు మీద స్కాలర్‌షిప్ రాదు, ఆ మాట విని మీవారు ముఖం చిట్లించవచ్చు. కానీ మార్కులను బట్టి, ఇంటి ఆదాయాన్ని బట్టి వచ్చే సహాయం ఉంటుంది, ఒక్కోసారి ఆఖరికి కట్టే ఫీజు రెండోదానికంటే తక్కువే పడుతుంది, కాబట్టి రెండు కాలేజీల ఆఫర్ లెటర్లూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆట మానేసినా సీటు పోదు, డబ్బూ పోదు, ఇది చాలా పెద్ద నిశ్చింత. డివిజన్ వన్ కాలేజీ ఫుల్ స్కాలర్‌షిప్ ఇస్తానంటే అప్పుడు మళ్ళీ మాట్లాడుకుందాం. సగం సగం ఇస్తానంటే నేనైతే వెళ్ళమనను.

క్యాంపస్ చూడ్డానికి వెళ్ళినప్పుడు కోచ్‌ని "చదువుకి సపోర్ట్ ఉంటుందా" అని అడగకండి, ఎవరైనా ఉంటుందనే అంటారు. "గత కొన్నేళ్ళలో మీ జట్టు నుంచి మెడికల్ స్కూల్‌కి ఎవరెవరు వెళ్ళారు, నేను వాళ్ళలో ఒకరితో మాట్లాడొచ్చా?" అని అడగమనండి, మీరు కాదు, అబ్బాయి అడగాలి. పేరు చెప్పడానికి కోచ్ తడబడితే అదే జవాబు. ఆర్గానిక్ కెమిస్ట్రీ ల్యాబ్ ఉన్న రోజు ప్రాక్టీస్‌కి లేటుగా వస్తే ఏం చేస్తారని సీనియర్ ప్లేయర్లని విడిగా అడగమనండి.

ఇంకొక్కటి, వీసా సంగతి. అబ్బాయి అమెరికాలో పుట్టాడో లేదో మీరు రాయలేదు. హెచ్4 (హెచ్1బీ వాళ్ళ కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉంటే, ఇప్పుడు ప్లేయర్లకి తమ పేరు, ఫొటో వాడుకున్నందుకు వస్తున్న ఎన్‌ఐఎల్ డబ్బు జోలికి ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా అస్సలు వెళ్ళకండి, అది ఉద్యోగం కింద లెక్కేస్తే స్టేటస్‌కే ఎసరు.

డివిజన్ వన్ తలుపు కూడా తెరిచి ఉంచాలంటే ఈ వారమే స్కూల్ కౌన్సెలర్‌ని కలవండి. మొత్తం 16 కోర్ కోర్సులు (ఎన్‌సీఏఏ లెక్కలోకి తీసుకునే హైస్కూల్ సబ్జెక్టులు) కావాలి, వాటిలో 10 ట్వెల్త్ మొదలయ్యేలోపు అయిపోవాలి, ఆ పదిలో ఏడు ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ అయి ఉండాలి. వాటిలో గ్రేడ్ల సగటు, అంటే కోర్ జీపీఏ, కనీసం 2.3 చాలంటారు, మీ వాడికి అది సమస్యే కాదు, మెడికల్ స్కూల్ అడిగేది దానికి ఎంతో పైన. ట్రాన్‌స్క్రిప్ట్, రెండు కాలేజీల పేర్లు పంపండి, ల్యాబ్ టైమింగ్‌లు నేను కూడా చూస్తాను.