ఆ వాయిస్ మెసేజ్‌లు తీసేయకండి

ప్రశ్న: మా అన్నయ్య గుండెపోటుతో పోయి నాలుగు నెలలైంది. మేనల్లుడికి పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. పెద్దకర్మ నాడు కూడా ఏడవలేదు, మర్నాడే క్రికెట్‌కి పోయాడు. మాసికాలకి కూర్చోనంటాడు. రాత్రిళ్లు మాత్రం వాళ్ల నాన్న వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్‌లు వింటూ ఉంటాడు. మార్కులు పడిపోయాయి. మెసేజ్‌లు తీసేయించమని వదిన గొడవ. ఏం చేయాలి?
– ఒక మేనత్త, తెనాలి

జవాబు: తీసేయొద్దు. పెన్‌డ్రైవ్‌లోకి ఒకటి, మీ ఫోన్లోకి ఒకటి కాపీ చేసి దాచండి. అన్నయ్యగారి సిమ్‌కి కనీసం సంవత్సరీకం దాకా రీఛార్జి ఆపకండి. ఆపితే కొన్నాళ్లకి కంపెనీ ఆ నంబరు వేరొకరికి ఇస్తుంది. అప్పుడు ‘నాన్న’ అన్న పేరు పక్కన ఎవరిదో ఫొటో కనబడొచ్చు. వినేదేదో సాయంత్రం వినమనండి. నిద్ర చెడితే చదివింది తలకెక్కదు.

ఈ వయసువాళ్లు దుఃఖాన్ని ఒక్కసారిగా మోయలేరు. గంటసేపు ఆట, పది నిమిషాలు కుమిలిపోవడం, మళ్లీ ఆట. అమ్మ ఇంకా కుంగిపోతుందని ఏడుపు దిగమింగేవాళ్లూ ఉంటారు. పైగా పరామర్శకొచ్చినవాళ్లు ‘ఇక ఇంటికి పెద్దదిక్కువి నువ్వే’ అని భుజం తట్టే ఉంటారు. ఆ మాట ఇక మీ ఇంట్లో వినబడనివ్వకండి. ఫీజులు, అప్పులు ఎవరు చూసుకుంటున్నారో పిల్లాడికి విడమరిచి చెప్పండి.

ఎదురుగా కూర్చోబెట్టి ‘ఎలా ఉన్నావురా’ అంటే ‘బానే ఉన్నా’ అంటాడు, అంతే. బండి మీద వెళ్తున్నప్పుడో, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నప్పుడో ‘మీ నాన్నకి ఈ కూరలో కారం చాలేది కాదు’ అని మీరే ఎత్తుకోండి. పలక్కపోతే వదిలేయండి. ఇంకోసారి పలుకుతాడు.

అతనికి చనువున్న లెక్చరర్ ఒక్కరితో మాట్లాడి, గొంతు పట్టేసినప్పుడు అడక్కుండా ఐదు నిమిషాలు బయటికెళ్లే వీలు ఇప్పించండి. దరఖాస్తులో ‘తండ్రి పేరు’ గడి దగ్గర చెయ్యి ఆగిపోవచ్చు. ఫారాలు నింపేటప్పుడు పక్కనే ఉండండి.

ఆరు నెలలు దాటినా తిండి, కాలేజీ, స్నేహాలు గాడిన పడకపోతే మానసిక వైద్యుడికి చూపించండి. ‘నేనూ నాన్న దగ్గరికే పోతా’ అన్నా, తన వస్తువులు పంచిపెడుతున్నా అంతదాకా ఆగొద్దు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. మాత్రలు, పురుగుమందు తాళంలో పెట్టి, ఒంటరిగా వదలకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

మాసికానికి బలవంతం వద్దు. పీటల మీద కూర్చోనంటే, కాకికి ముద్ద పెట్టి వస్తావా అని అడిగి చూడండి.