అండమాన్ నికోబార్ దీవులు మన తపాలా బిళ్ళల మీద ఎంతవరకు కనిపిస్తాయి?

అండమాన్ నికోబార్ దీవుల చరిత్రనూ సంస్కృతినీ తపాలా బిళ్ళల ద్వారా తెలుసుకోవచ్చా, ఆ ఒక్క అంశం మీదే సేకరణ మొదలుపెడితే ఆల్బం నిండేంత సరుకు దొరుకుతుందా అని మీరు అడిగారు. నా అనుభవంలో చరిత్ర కొంతవరకు దొరుకుతుంది, అందులో జైలు చరిత్రదే పెద్ద వాటా. పక్షులూ సీతాకోకచిలుకలూ బాగానే దొరుకుతాయి. అక్కడి మనుషులు మాత్రం బిళ్ళల మీద కంటే ఆ దీవుల నుంచి వచ్చిన ఉత్తరాల కవర్ల మీదే ఎక్కువగా కనిపిస్తారు. నేను విశాఖపట్నంలో పెరిగినవాణ్ణి. మా మేనమామ ఉద్యోగరీత్యా చాలాకాలం పోర్ట్ బ్లెయిర్‌లో ఉండడం వల్ల, ఆయన రాసిన ఉత్తరాలతోనే నా సేకరణ మొదలైంది. అందువల్ల నా అభిప్రాయం కాస్త కవర్ల వైపు మొగ్గుతుందని ముందుగానే చెప్పుకోవడం మంచిది.

మొదట తెలుసుకోవలసిన సంగతి ఏమిటంటే, ఈ దీవులకు సొంత తపాలా శాఖ ఎన్నడూ లేదు. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవులు డెన్మార్క్ రాజ్యంలో భాగమే అయినా 1975 నుంచి తమ పేరుతో బిళ్ళలు వేసుకుంటున్నాయి, 1976 నుంచి తపాలా నిర్వహణ కూడా తమ చేతుల్లోకే తీసుకున్నాయి. ఆ బిళ్ళల్లో పాత పటాలు, పల్లెలు, స్థానిక చిత్రకారుల బొమ్మలు, జానపద గాథలు వరుసగా కనిపించడానికి కారణం అదే: తమ గురించి ఏది చెప్పుకోవాలో వాళ్ళే నిర్ణయించుకున్నారు. అండమాన్ విషయంలో ఆ నిర్ణయం ఢిల్లీలో జరుగుతుంది. అక్కడి తపాలా కార్యాలయాలు నేటికీ పశ్చిమ బెంగాల్ సర్కిల్ కిందే పనిచేస్తాయి, పిన్‌కోడ్ 744తో మొదలవుతుంది. అందుచేత బిళ్ళ మీద కనిపించేది దీవులు తమను తాము చూసుకున్న తీరు కాదు, ప్రధాన భూభాగం ఆ దీవులను జ్ఞాపకం పెట్టుకున్న తీరు. ఈ తేడాను మనసులో పెట్టుకుని చూస్తే సేకరణలోని ఖాళీలకు కూడా అర్థం తెలుస్తుంది.

జైలుతో మొదలుపెడదాం. 1970లో వచ్చిన వి. డి. సావర్కర్ బిళ్ళలో ఆయన రూపంతో పాటు సెల్యులార్ జైలు కూడా ఉంటుంది. ఆయన గురించిన వాదోపవాదాలు ఇక్కడ మనకు అవసరం లేదు. ఆ జైలు ఒక వ్యక్తి వెనుక నేపథ్యంగా ఎలా నిలబడిందో గమనించండి. 1979లో భాయ్ పరమానంద్ బిళ్ళ వచ్చింది. గదర్ ఉద్యమ కాలంలో శిక్షపడి ఆయన కూడా అండమాన్‌కు వెళ్ళినవారే కనుక, అది కూడా ఈ వరుసలో ఉండవలసిందే. ఇక 1997లో, స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల సంవత్సరంలో, వెలువడిన రెండు రూపాయల బిళ్ళ నేరుగా సెల్యులార్ జైలు పేరుతోనే వచ్చింది. ఆ జైలు నిర్మాణం 1896లో మొదలై 1906లో పూర్తయింది. నడుమ ఒక బురుజు, దాని నుంచి ఏడు దిక్కులకు సాగిన ఏడు భాగాలు, ఒక ఖైదీ మరొక ఖైదీ ముఖం చూడకుండా వేరువేరు గదులు. వాటిలో ఇప్పుడు మూడు భాగాలే మిగిలాయి. 1979లో దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

అయితే అండమాన్ శిక్షా స్థావరం ఈ జైలుతో పుట్టినది కాదు. 1857 తిరుగుబాటు తరువాత, 1858 మార్చి 10న, రెండు వందల మంది ఖైదీలతో బ్రిటిష్ అధికారి జె. పి. వాకర్ అక్కడ దిగాడు. జైలు గోడలు లేవడానికి నాలుగు దశాబ్దాల ముందే ఆ ఖైదీలు అడవి నరికారు, మలేరియాతో చనిపోయారు, పారిపోబోయి పట్టుబడి ఉరికంబమెక్కారు. ఆ తరువాత వచ్చినవారిలో అత్యధికులు రాజకీయ ఖైదీలు కారు, మామూలు నేరాలకు శిక్షపడ్డ సాధారణులు. శిక్ష ముగిశాక అక్కడే పెళ్ళిళ్ళు చేసుకుని స్థిరపడినవారి సంతతినే ఈనాడు అక్కడ 'లోకల్ బోర్న్' అంటారు. కులమూ ప్రాంతమూ కలగలిసి హిందుస్తానీ మాట్లాడే ఒక కొత్త సమాజం అలా ఏర్పడింది. నా దృష్టిలో అండమాన్ చరిత్రలో అన్నిటికంటే ఆసక్తికరమైన ఘట్టం ఇదే. నా ఆల్బంలో మాత్రం దానికి ఒక్క బిళ్ళ కూడా లేదు.

తెలుగువారికి ఈ వరుసలో మరో దారి ఉంది. 1986లో వచ్చిన అల్లూరి సీతారామరాజు బిళ్ళను నేను అండమాన్ పేజీలోనే అతికించాను. చూసినవారు ఇదేమిటని అడుగుతారు. రాజు అండమాన్‌కు వెళ్ళలేదు, కానీ ఆయన సేనలో ప్రముఖుడైన గాం గంటందొర తమ్ముడు మల్లుదొర పట్టుబడి ద్వీపాంతర శిక్ష అనుభవించాడు. అదే మల్లుదొర 1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారి కూడా సెల్యులార్ జైలులో గడిపినవారే. ఇలాంటి సంబంధాలను ఆల్బం పేజీ మీద రెండు వాక్యాల్లో రాసిపెట్టుకుంటే, బిళ్ళ చెప్పని కథను పేజీ చెబుతుంది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలం సేకరణకర్తలకు ఊరించేదీ, ఉచ్చు వేసేదీ కూడా. 1942 మార్చి 23న జపాన్ సేనలు పోర్ట్ బ్లెయిర్‌ను ఆక్రమించాయి. ఆ కాలంలో అప్పటి భారతీయ బిళ్ళల మీదనే ముందు దశాంశ బిందువు ఉన్న పెద్ద అంకెలను ముద్రించి వాడారు. పాత బిళ్ళ మీద ఒక అంకె వేయడం ఎవరికైనా సులువే కనుక, నిపుణుల ధ్రువపత్రం లేకుండా ఎవరైనా అమ్మజూపితే కొనవద్దని నా గట్టి సలహా. ఇక ఆజాద్ హింద్ బిళ్ళలంటూ సంతల్లోనూ అంతర్జాలంలోనూ విరివిగా దొరికేవి 1943లో జర్మనీలో అచ్చయినవి. రాట్నం తిప్పే స్త్రీ, గాయపడ్డ సైనికుడికి సేవచేసే నర్సు, సంకెళ్ళు తెగుతున్న భారతదేశ పటం వంటి బొమ్మలు వాటి మీద ఉంటాయి. అవి ఏ ఉత్తరం మీదా చెలామణి కాలేదు. వాటిని 'అండమాన్‌లో వాడినవి' అని ఎవరైనా చెబితే నమ్మకండి.

1943 డిసెంబరు 30న నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో త్రివర్ణ పతాకం ఎగరవేశారు. ఆ సంఘటనకు 75 ఏళ్ళు నిండిన సందర్భంగా 2018 డిసెంబరు 30న అక్కడే ఒక స్మారక బిళ్ళనూ, 75 రూపాయల నాణేన్నీ విడుదల చేశారు. హేవ్‌లాక్, నీల్, రాస్ దీవుల పేర్లు మారింది కూడా ఆ రోజే. 1968లో ఆజాద్ హింద్ ప్రభుత్వ రజతోత్సవానికి వచ్చిన బిళ్ళలో నేతాజీ ప్రకటన చదువుతూ కనిపిస్తారు. అది సింగపూర్ ఘటన అయినా ఆ బిళ్ళను 2018 బిళ్ళకు పక్కనే అతికిస్తే క్రమం తెలుస్తుంది. అయితే పతాకం ఎగిరిన కొద్ది రోజులకే, 1944 జనవరిలో, పోర్ట్ బ్లెయిర్‌లో వైద్యుడూ పంజాబీ కవీ అయిన దివాన్ సింగ్ జపాన్ సైనికుల చిత్రహింసల వల్ల చనిపోయారు. అదే నెల 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని గూఢచారులన్న నెపంతో కాల్చి చంపారు. ఉత్సవాల బిళ్ళ పక్కన ఈ రెండు తేదీలనూ రాసిపెట్టడం సేకరణకర్త బాధ్యత అని నేను భావిస్తాను.

ప్రకృతి బిళ్ళల విషయంలో ఇబ్బందేమీ లేదు. 2008 జనవరిలో అండమాన్ నికోబార్‌కే పరిమితమైన సీతాకోకచిలుకల మీద నాలుగు బిళ్ళల వరుస వచ్చింది, చాలా చవకగా దొరుకుతుంది. 2012 అక్టోబరులో జీవవైవిధ్య సదస్సు మన హైదరాబాదులో జరిగినప్పుడు విడుదలైన వాటిలో నికోబార్ మెగాపోడ్ పక్షి ఉంది. కోడి అంత పరిమాణంలో ఉండే ఈ పక్షి ఇసుకా ఆకులూ కుప్పగా పోసి అందులో గుడ్లు పెడుతుంది, ఆకులు కుళ్ళేటప్పుడు పుట్టే వేడికే అవి పొదగబడతాయి. ఆ కుప్పలన్నీ సముద్రతీరానికి దగ్గరగా ఉండడంతో 2004 డిసెంబరు 26 నాటి సునామీలో చాలా వరకు కొట్టుకుపోయాయి.

అదే సునామీలో తీరగ్రామాలను పోగొట్టుకున్న నికోబారీలు గానీ, వారి పడవలు గానీ, ఎత్తైన కట్టెల మీద నిలబెట్టే గుండ్రటి ఇళ్ళు గానీ, గ్రేట్ అండమానీలు, ఓంగీలు, జరావాలు వంటి ఆదివాసులు గానీ నేను పోగుచేసిన బిళ్ళల్లో లేరు. 1859లో అండమానీలు బ్రిటిష్ స్థావరం మీద దాడిచేసిన అబర్డీన్ యుద్ధానికి పోర్ట్ బ్లెయిర్‌లో స్మారకం ఉంది. ఆల్బంలో ఆ యుద్ధానికి కేటాయించిన చోటు మాత్రం ఖాళీగానే ఉంది.

అందుకే కవర్లు సేకరించమంటున్నాను. రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్, కార్ నికోబార్, క్యాంప్‌బెల్ బే ముద్రలున్న మామూలు కవర్లు పెద్ద ఖరీదు కావు. మా మేనమామ ఉత్తరాల్లో ముందువైపు పంపిన ఊరి ముద్రకూ, వెనకవైపు విశాఖ చేరిక ముద్రకూ మధ్య తేదీలు పోల్చితే ఓడ ఎప్పుడు ఆలస్యమైందో, వర్షాకాలంలో రాకపోకలు ఎంత కుంటుపడ్డాయో తెలిసిపోతుంది. చిరునామాలు మరింత చెబుతాయి. శ్రీకాకుళం, విశాఖ తీరగ్రామాల నుంచి చేపలవేటకూ కూలిపనులకూ వెళ్ళి స్థిరపడ్డవారు ఇంటికి తెలుగులో రాసిన కార్డులు, మనియార్డరు రసీదులు, బెంగాల్ విభజన శరణార్థుల కుటుంబాలకు వచ్చిన బెంగాలీ ఉత్తరాలు, రాంచీ ప్రాంతపు కూలీల ఇన్‌ల్యాండ్ లెటర్లు, ఇవన్నీ ఒకే తపాలా కార్యాలయపు ముద్ర కింద కనిపిస్తాయి. అక్కడి సంస్కృతి అంటే చాలావరకు ఈ కలయికే.

మీరు మొదలుపెట్టేటట్లయితే 1970, 1997, 2008, 2012, 2018 బిళ్ళలను వాటితో వచ్చిన సమాచార పత్రికలతో సహా కొనండి. జపాన్ కాలపు వాటి జోలికి అనుభవం వచ్చాకే వెళ్ళండి. కవర్ల మీది బిళ్ళను నీళ్ళలో నానబెట్టి ఊడదీయకండి, ముద్రతో కలిపి కవరు మొత్తాన్నీ ఆమ్లం లేని ప్లాస్టిక్ తొడుగులో ఉంచండి. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చారు కనుక పాత పేరున్న ముద్రలను ఇప్పుడే పోగుచేసుకోవడం మంచిది. ప్రైవేటు ఉత్తరాలు కొన్నప్పుడు లోపలి కాగితాలను చదివి పెట్టుకోండి గానీ, రాసినవారి పేర్లూ చిరునామాలూ ప్రదర్శనల్లో కప్పిపెట్టండి.