డౌన్ సిండ్రోమ్ ఉన్న బాబుకు నడక వచ్చింది, ఇక ఫిజియోథెరపీ మానవచ్చా?

మీ బాబుకు మూడేళ్లు నిండాయని, నడుస్తున్నా పాదాలు ఎడంగా వేసి తూలుతున్నాడని, ఇక ఫిజియోథెరపీ ఆపవచ్చా అని అడిగారు. మా అమ్మాయికి కూడా డౌన్ సిండ్రోమ్ ఉంది. మా అనుభవంలో ఆపకూడని సమయం ఇదే.

ఈ పిల్లలకు కండరాల బిగువు తక్కువగా, కీళ్లను పట్టి ఉంచే స్నాయువులు వదులుగా ఉంటాయి. అందువల్ల పడిపోకుండా ఉండటానికి పాదాలు ఎడం చేసి, వేళ్లు బయటికి తిప్పి, మోకాళ్లు వెనక్కి బిగించి నిలబడతారు. ఆ భంగిమ స్థిరపడితే బరువంతా పాదం లోపలి అంచు మీద పడి, అరికాలు చదునై, పెద్దయ్యాక నొప్పులకు దారితీయవచ్చు. ట్రెడ్‌మిల్ సంగతి కూడా అడిగారు. 2001లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, రోజుకు 8 నిమిషాల చొప్పున వారానికి 5 రోజులు తల్లిదండ్రులు చిన్న ట్రెడ్‌మిల్ మీద పట్టుకుని అడుగులు వేయించిన పసిపిల్లలు మిగిలినవారికంటే దాదాపు 100 రోజులు ముందు నడిచారు. అయితే అది నడక రాని పిల్లల కోసం, మీ బాబు ఆ దశ దాటాడు.

మాకు ఉపయోగపడినవి చాలా మామూలు పనులు. పొట్టి పీట మీద కూర్చోబెట్టి, రెండు పాదాలూ దగ్గరగా, వేళ్లు ముందుకు ఉండేలా సర్ది, బొమ్మ అందుకోవడానికి లేచేలా చేసేవాళ్లం. ఒక కాలు పీట మీద పెట్టించి గోడకు అంటించిన బొమ్మలతో ఆడించడం, గోడ పట్టుకుని పక్కకు నడిపించడం, ఇసుకలో నడిపించడం, బంతి తన్నించడం, మెట్లెక్కించడం కూడా థెరపిస్టు నేర్పినవే. వ్యాయామం అంటే మా అమ్మాయి కదలదు (మొండితనంలో నాన్నమ్మ పోలిక), కానీ వాళ్ల అన్న తొక్కుడుబిళ్ల గళ్లు గీస్తే వాటిలో అడుగులు వేయడానికి తానే వస్తుంది. త్వరగా అలసిపోతారు కాబట్టి కొద్దికొద్దిగా చేయించండి. చీలమండకు ఆధారమిచ్చే పట్టీలు, బూట్లు పాదం చూసి నిపుణులు నిర్ణయించాల్సినవి. వాటిని సొంతంగా కొనవద్దు.

మెడ విషయంలో మాత్రం జాగ్రత్త. ఈ పిల్లల్లో కొందరికి మెడలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య పట్టు సడలి ఉంటుంది కనుక, వైద్యులు చూసి సరేననే వరకు పిల్లిమొగ్గలు, ట్రాంపొలిన్ గెంతులు వద్దు. బాగా నడిచే బిడ్డ ఉన్నట్టుండి తడబడినా, మెడ వంచేసినా, మూత్రం మీద అదుపు తప్పినా వ్యాయామాలు ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. థైరాయిడ్, చూపు, గుండె పరీక్షలు కూడా వాయిదా వేయవద్దు.

పిల్లల ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో 18 ఏళ్ల వరకు ఉచితంగా చూస్తారు. కొత్తవారి ముందు పిల్లలు నడవడానికి మొరాయిస్తారు కనుక, ఇంట్లో చెప్పులు లేకుండా నడుస్తుండగా వెనుక నుంచి వీడియో తీసి తీసుకెళ్లండి.